‘లోకల్’ అన్న మాట చూసి పక్కన పెట్టకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

భీమవరం రొయ్యల ప్లాంట్లు, రాజమహేంద్రవరం ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్లు, కాకినాడ ఎగుమతి ఆఫీసులు, కోనసీమ ఊళ్లలో ఇంటి దగ్గర్నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లల ల్యాప్‌టాప్‌లు... వీటిలో చాలావాటికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి) లేనిదే రోజు గడవదు. హెడ్డాఫీసు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటుంది, దాని సర్వర్ దాకా వెళ్లడానికి ఈ టన్నెలే దారి. ఆ వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉందని కంపెనీ నుంచి బులెటిన్ వస్తే మనవాళ్లు చదివే మాట ఒక్కటే: ‘లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్’, అంటే మెషీన్ లోపల్నుంచి హక్కులు పెంచుకోవడం. లోకల్ అంటే మెషీన్ ముందు కూర్చుంటే గానీ కాదుగా, మన స్టాఫ్ ఎవరు చేస్తార్లే అని మెయిల్ మూసేస్తారు. తీవ్రత పదికి 7.8 అని ఉంటుంది. తొమ్మిది దాటితే తప్ప కదలని అలవాటు కాబట్టి అప్‌డేట్ వచ్చే నెలకు, అక్కణ్నుంచి ఆపై నెలకు జరుగుతుంది.

సెక్యూరిటీ భాషలో ఆ మాటకు అర్థం వేరు. మెషీన్‌లో మామూలు యూజర్ ఖాతా కింద ఏదో ఒక ప్రోగ్రాం నడవగలిగితే చాలు, అది లోకలే. పార్సిల్ రసీదంటూ వచ్చిన అటాచ్‌మెంట్‌ను కౌంటర్‌లో ఎవరో నొక్కారనుకోండి, పంపినవాడు ఏ ఖండంలో ఉన్నా ఆ నిమిషం నుంచి వాడు లోకల్. అప్పటికి వాడి చేతిలో ఉన్నది కౌంటర్ గుమాస్తాకున్న పాటి హక్కులే. యాంటీవైరస్ ఆపలేడు, మిగతా యూజర్ల ఫైళ్లు తెరవలేడు. ఆ గోడ దూకడానికి నిచ్చెన కావాలి. వీపీఎన్ క్లయింట్, అంటే మన మెషీన్‌లో వేసుకునే వీపీఎన్ ప్రోగ్రాం, తరచూ ఆ నిచ్చెన అవుతోంది.

ఎందుకంటే ఈ క్లయింట్ రెండు ముక్కలు. కనెక్ట్ బటన్ కనిపించే కిటికీ యూజర్ హక్కులతో నడుస్తుంది. వెనకాల కనబడని సర్వీసు ఒకటి విండోస్‌లో అందరికన్నా పెద్దదైన ‘లోకల్ సిస్టమ్’ ఖాతా కింద నడుస్తుంది. వర్చువల్ నెట్‌వర్క్ కార్డు సృష్టించాలన్నా, రూట్లు, డీఎన్ఎస్ మార్చాలన్నా ఆ హక్కులు కావాలి కాబట్టి దాన్ని అలా పెట్టక తప్పదు. కిటికీ అడుగుతుంది, సర్వీసు చేసిపెడుతుంది. అడిగింది నిజంగా ఆ కిటికీయేనా, అడిగిన పని సబబేనా అని సర్వీసు చూసుకోకపోవడమే జబ్బు. చీటీ మీద సంతకం ఎవరిదో చూడకుండా షట్టరు ఎత్తే లస్కరు లాకుల దగ్గరుంటే ఏమవుతుందో ఈ జిల్లాల రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

2020 ఫిబ్రవరిలో సిస్కో కంపెనీ వీపీఎన్ క్లయింట్ ఎనీకనెక్ట్‌లో బయటపడ్డ సీవీఈ-2020-3153 (సీవీఈ అంటే బయటపడ్డ ప్రతి లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబరు) సరిగ్గా అలాంటిదే. దాని సర్వీసు మెషీన్ లోపల 62522 పోర్టు మీద ఆజ్ఞలు వింటుంది. అప్‌డేట్ పేరుతో ఫైలు దారిని వంకరగా రాసి పంపితే, సిస్టమ్ ఫోల్డర్లలోకి కోరిన ఫైలు కాపీ చేసిపెట్టేది. 4.8.02042 వెర్షన్‌తో సరిచేశారు. ఆ తర్వాత రెండున్నరేళ్లు దాటాక, 2022 అక్టోబరులో, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ దీన్ని ‘దాడుల్లో నిజంగా వాడుతున్న లోపాల’ జాబితాకెక్కించింది. మందు బజారులోకొచ్చి అంతకాలమైనా వేసుకోనివాళ్లు అంతమంది మిగిలారన్నమాట.

మళ్లీ అదే క్లయింట్‌లో 2023 జూన్‌లో సీవీఈ-2023-20178. వీపీఎన్ కలిసిన వెంటనే అప్‌డేట్ ప్రోగ్రాం సిస్టమ్ హక్కులతో లేచి, విండోస్ టెంప్ ఫోల్డర్‌లో ఒక డైరెక్టరీ చేసి, అందులోవి తుడుస్తుంది. ఆ డైరెక్టరీకి పెట్టిన అనుమతులు వదులుగా ఉండడంతో, తుడవమన్నది ఒకటైతే వేరొకటి తుడిచేలా మళ్లించగలిగారు. ఫోల్డర్ తుడిస్తే హక్కులెలా వస్తాయని అడగొచ్చు. విండోస్ ఇన్‌స్టాలర్ వాడుకునే ఫోల్డర్‌ను సరైన సమయంలో మాయం చేసి, దాని చోట తమది పెడితే అదే సిస్టమ్ దాకా తీసుకెళ్తుంది. ఈ లోపాన్ని ఎలా వాడుకోవచ్చో చూపే కోడ్ అదే నెలలో నెట్‌లోకొచ్చేసింది. 4.10.07061, 5.0.02075తో ఇదీ పోయింది.

ఒక్క కంపెనీని అనడానికి లేదు. 2024 అక్టోబరులో పాలో ఆల్టో గ్లోబల్‌ప్రొటెక్ట్‌లో, ఇన్‌స్టాలర్‌కున్న ‘రిపేర్’ సదుపాయమే మామూలు యూజర్‌ను సిస్టమ్ స్థాయికి ఎక్కించింది. నవంబరులో ఫోర్టీక్లయింట్‌లో దొంగ సందేశాలను నమ్మే పైపు (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) దొరికింది. డబ్బు కట్టక్కర్లేదని చిన్న ఆఫీసులు పెట్టుకునే ఓపెన్‌వీపీఎన్ వంతు అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. 2.6.10, 2.5.10 కంటే పాత విండోస్ వెర్షన్లలో సర్వీసు తాలూకు పైపును నెట్‌వర్క్‌లోని ఇంకో మెషీన్ నుంచి కూడా తాకొచ్చని తేలింది. ‘లోకల్’ మీద పెట్టుకున్న భరోసా ఆపాటిది.

ఇక మన ఆఫీసుల్లో ఏం చూడాలో చెబుతాం. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని కొట్టి, తెరుచుకున్న పట్టికలో ‘లాగ్ ఆన్ యాజ్’ అనే నిలువు వరుస మీద నొక్కితే ‘లోకల్ సిస్టమ్’వన్నీ ఒక చోటికొస్తాయి. వాటిలో వీపీఎన్‌కు సంబంధించినవెన్నో లెక్కపెట్టండి. ఒకటి ఉండాల్సిన చోట రెండు, మూడు కనబడతాయి. ఫైర్‌వాల్ కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త క్లయింట్ వేస్తారు గానీ పాతది ఎవరూ తీయరు. కిటికీ తెరవకపోయినా దాని సర్వీసు రోజూ మెషీన్‌తో పాటే లేస్తుంది, దానికి అప్‌డేట్ వేసే నాథుడు ఉండడు. మా దృష్టిలో కొత్తదానికన్నా ఈ మూలపడ్డ పాతదే ఎక్కువ ప్రమాదం. మొదటి పని దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ కొట్టి, సర్వీసు పోయిందో లేదో మళ్లీ చూడడం.

తర్వాత వెర్షన్. కిటికీలో ‘అబౌట్’ చూపే అంకెతో సరిపెట్టకండి. అప్‌డేట్ సగంలో లైను పోతే కిటికీ కొత్తది, సర్వీసు పాతది అయ్యే వీలుంది. సర్వీసు ప్రాపర్టీస్‌లో ఫైలు దారి ఉంటుంది. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ చూపే అంకె అసలుది.

ఆ ఫైలు ఏ డ్రైవులో ఉందో కూడా అప్పుడే చూడాలి. సీ డ్రైవు 120 జీబీ ఎస్ఎస్‌డీ, అది నిండిపోయింది కదా అని హార్డ్‌వేర్ అబ్బాయి డీ డ్రైవులో ఫోల్డర్ చేసి ప్రోగ్రాం అందులో వేస్తాడు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్ చదవగలడు, నడపగలడు, మార్చలేడు. డీ డ్రైవులో కొత్తగా చేసిన ఫోల్డర్‌కు ఆ కాపలా రాదు. సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే ‘ఆథెంటికేటెడ్ యూజర్స్’ ఎదురుగా ‘మోడిఫై’ దగ్గర టిక్ పెట్టి ఉంటుంది. అంటే లాగిన్ అయిన ఎవరైనా సర్వీసు ఫైలు పేరు మార్చి, దాని స్థానంలో తనది పెట్టొచ్చు. మర్నాడు పొద్దున కంప్యూటరు ఆన్ చేయగానే అది సిస్టమ్ హక్కులతో నడుస్తుంది. దీనికి లోపమే అక్కర్లేదు, ఎంత కొత్త వెర్షనూ కాపాడదు. తీసేసి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే మళ్లీ వేయాలి.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నడవట్లేదని అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చేసిన ఆఫీసులూ ఉన్నాయి. వాళ్లకు పైదంతా అనవసరం. తలుపే లేని ఇంటికి తాళం గొడవెందుకు? ముందు ఆ హక్కులు తీయాలి.

క్లయింట్ తనంతట తానే అప్‌డేట్ అయ్యే ఏర్పాటు ఉన్నా, అంతర్వేది వైపు ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు మధ్యలో ఆగిపోయి ఫిర్యాదులొస్తున్నాయని దాన్ని ఆపేసేవాళ్లున్నారు. ఆపినప్పుడు బదులు దారి పెట్టాలి. ముందు రెండు మెషీన్లలో వేసి రెండు రోజులు చూడాలి. ఆ తర్వాత, వెర్షన్ వచ్చిన 14 రోజుల్లోపే అన్నిటికీ. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ జీఎస్టీ రిటర్నుల గడువులుంటాయి కాబట్టి నెలలో 21 నుంచి 27 దాకా అనువు. కాలువలు కట్టేసిన రోజుల్లో షట్టర్ల మరమ్మతు చేసుకున్నట్టు, ఆఫీసుకూ నెలకొక పూట ‘వీపీఎన్ ఉండదు’ అని ముందే చెప్పొచ్చు. గడువు దాటాక గేట్‌వేలో (హెడ్డాఫీసు వైపు వీపీఎన్ వచ్చి చేరే పరికరంలో) కనీస వెర్షన్ తనిఖీ పెట్టి పాత క్లయింట్లను లోపలికి రానివ్వకూడదు. ఇది పెట్టనిదే చివరి పది మెషీన్లు ఎప్పటికీ మిగిలిపోతాయి.

అనుమానం వచ్చినప్పుడు జరిగే పెద్ద తప్పు, వెంటనే ఫార్మాట్ కొట్టడం. నెట్ వైరు పీకి, వైఫై ఆపి, మెషీన్‌ను ఆన్‌లోనే ఉంచండి. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో 7045 అనే ఈవెంట్ నంబరు ఉంటే కొత్త సర్వీసు చేరిందని, సెక్యూరిటీ లాగ్‌లో 4732 అంటే స్థానిక గ్రూపులోకి ఎవరినో చేర్చారని. ఆ గ్రూపు అడ్మినిస్ట్రేటర్స్ అయితే, చేర్చింది మీరు కాకపోతే విషయం తేలినట్టే. సెక్యూరిటీ లాగ్‌కు విండోస్ ఇచ్చే చోటు 20 ఎంబీ, నిండగానే పాతవి చెరిగిపోతాయి. దాన్ని ముందే 1 జీబీకి పెంచి, లాగ్‌లను వేరే చోటికి కాపీ చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం వేరే పని, రెండూ చేయాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఇప్పటి ఏఎంసీ (కంప్యూటర్ల వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితాల్లో కనబడదు. మౌస్, కీబోర్డు, యూపీఎస్ బ్యాటరీ, ప్రింటర్ డ్రమ్, యాంటీవైరస్ రెన్యువల్ దాకా రాసుకుంటారు. వీపీఎన్ క్లయింట్ ఎవరి బాధ్యతో ఉండదు. ఫైర్‌వాల్ వేసినవాడు గేట్‌వే వరకే నాదంటాడు, ఏఎంసీ వాళ్లు అది హెడ్డాఫీసు సాఫ్ట్‌వేర్ అంటారు, హెడ్డాఫీసు బ్రాంచి చూసుకోవాలంటుంది. ఆసుపత్రులు, సహకార బ్యాంకులు, ఎగుమతి సంస్థలు వచ్చే రెన్యువల్‌కు మూడు వాక్యాలు చేర్పించుకోవాలి: వాడని క్లయింట్ల తొలగింపు ఏఎంసీదే, భద్రతా వెర్షన్ వచ్చిన 14 రోజుల్లో అన్ని మెషీన్లకూ వేయాలి, ఏ మెషీన్‌లో సర్వీసు ఫైలు ఏ వెర్షనో, ఏ డ్రైవులో ఉందో నెలనెలా సంతకంతో జాబితా ఇవ్వాలి. జాబితా రాని నెల బిల్లు ఆపొచ్చన్న షరతు కూడా పక్కనే ఉంటే మంచిది.

— నెట్‌వర్క్ నిర్వహణ సిబ్బంది, భీమవరం