ఆలస్యానికి బీమా లేదు

సంపాదకులకు,

దేశాల మధ్య ఉద్రిక్తత అనగానే వ్యాపారులు చమురు ధర, డాలరు విలువ చూస్తారు. బీమా, సరఫరా ఒప్పంద పత్రాలు తిరగేసేవారు తక్కువ. అసలు దెబ్బ తగిలేది అక్కడే.

2023 నవంబరులో ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లాయి. ఆసియా నుంచి ఐరోపాకు సుమారు 10 నుంచి 14 రోజులు అదనం. సరుకు చెక్కుచెదరకుండా చేరినా సీజను దాటితే నష్టమే. మామూలు సముద్ర సరుకు బీమా ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని చెల్లించదు. యుద్ధ నష్టానికి విడిగా బీమా తీసుకోవాలి. అదీ ప్రధానంగా సరుకు ఓడలో ఉన్నప్పుడే పనిచేస్తుంది, ఒడ్డున గోదాములో ఉన్నదానికి కాదు. పైగా ముందస్తు నోటీసుతో, తరచూ 7 రోజుల గడువుతో, బీమా సంస్థ దాన్ని రద్దు చేయవచ్చు.

ఇద్దరు సరఫరాదారులున్నారన్న ధీమా కూడా చాలాచోట్ల ఉత్తదే. ఇద్దరి సరుకూ ఒకే జలసంధి దాటి వస్తుంటే, లేదా ఇద్దరూ ఒకే కర్మాగారం నుంచి విడిభాగం తెచ్చుకుంటుంటే ముప్పు ఒక్కటే. అందుకే ప్రతి కీలక ముడిసరుకుకూ సరఫరాదారుడి సరఫరాదారుడెవరో, దారి ఏదో, నిల్వ ఎన్ని రోజులకు సరిపోతుందో రాసుకోవాలి. ఆ నిల్వ అదనపు రెండు వారాలకు చాలకపోతే ఇకపై ఆర్డరును మామూలు కంటే ముందుగానే పెట్టాలి.