అజొల్లాకి విత్తనం ఉండదు

సంపాదకులు గారికి,

మా చీపురుపల్లి వైపు ఎండాకాలం చివర్లో "అజొల్లా విత్తనం వచ్చింది, పట్టుకెళ్లండి" అని కబురొస్తుంది. గేదెల దాణాలో కలిపే నీటి మొక్క అది. పోయిన మే నెలలో నేనూ ఓ కిలో తెచ్చుకున్నాను. మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు, కిక్కిరిసిన బస్సు, మిట్టమధ్యాహ్నం ఎండ. ఇంటికొచ్చి విప్పితే ఉడికిన ఆకుకూరలా మెత్తబడి కంపు కొడుతోంది. పక్కింటి పెద్దాయన చూసి, "ఇదేం విత్తనం మాస్టారూ? పొట్లం కట్టి ఇస్తే అటక మీద పెట్టుకుందుము కదా" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. ఆ మాటతోనే వచ్చింది చిక్కంతా. అజొల్లా నీటి మీద తేలే ఫెర్న్. పువ్వు, కాయ, గింజ ఏవీ దానికి లేవు. మన చేతికిచ్చేది బతికున్న మొక్క. విరిగిన ప్రతి తునకా మరో మొక్కయి, వాతావరణం నప్పితే వారం తిరక్కుండా రెట్టింపవుతుంది. ఆకు పైరెక్కలో చిన్న గది, అందులో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు కాపురం. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేది అదే. ఎండబెట్టి తూస్తే దాదాపు పాతిక శాతం మాంసకృత్తులు ఉండటం వల్లే గేదెలకి దాణాలో కలుపుతున్నాం.

గింజ పని చేసేది అసలు లేకపోలేదు. చలికాలంలో, మడి ఒత్తుగా అల్లుకున్నప్పుడు, ఆకుల అడుగున సిద్ధబీజాల (స్పోర్ల) సంచులు కనిపిస్తాయి. ఈ సిద్ధబీజాల్లో పెద్దవీ చిన్నవీ రెండు రకాలు. చిన్నవి గుత్తులుగా నీళ్లలోకి వస్తాయి. ఆ గుత్తులకి గాలపు ముళ్లలాంటివి ఉంటాయి, వాటితో పెద్దదాన్ని పట్టుకుంటాయి. అక్కడ ఆడ, మగ కణాలు కలిశాకే కొత్త మొక్క. పెద్ద సిద్ధబీజం నెత్తిన కాస్త అనబీనా కూడా వెళ్తుంది, కూతురికి సారె పెట్టి పంపినట్టు. మడి ఎండినా ఇవి బురదలో బతికుంటాయి. ఇన్నేళ్లూ బోర్డు మీద ఫెర్న్ జీవితచక్రం గీశాను గానీ, పిల్లల్ని ఒక్కసారీ మడి దగ్గరికి తీసుకెళ్లలేదు. అది నా తప్పే.

అధికారులకి నా మనవి. మేలో పంచడం మానండి, వానలు పడ్డాక ఇవ్వండి. మండలానికొక తల్లి మడిని ఎండాకాలమంతా చెట్టు నీడనో, పచ్చ వల కిందో కాపాడండి. అడుగున పరిచే ప్లాస్టిక్ పట్టా, నాలుగు అంగుళాల నీళ్లు, పేడ, కాస్త సూపర్ ఫాస్ఫేట్ చాలు. ఆకు ఎర్రబారితే ఎండ ఎక్కువైందనో, భాస్వరం చాలలేదనో అర్థం. చలికాలంలో సిద్ధబీజాలున్న మొక్కల్ని ఏరి ఆరబెట్టి దాస్తే, పెద్దాయన అడిగిన పొట్లం కూడా ఇవ్వొచ్చు.

ఆ కవరులో పచ్చిగా మిగిలిన గుప్పెడు మా మామిడిచెట్టు కింద తొట్టెలో వేశాను. ఇప్పుడు తొట్టె నిండా అదే. కావలసినవాళ్లు బకెట్టు తెచ్చుకుంటే ఇస్తాను. కవర్లో మాత్రం ఇవ్వను.

— ఒక విశ్రాంత సైన్సు మాస్టారు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా