ఆకుపచ్చ చుక్క కింద చేపల సాస్: మీ నల్లగొండ శాఖపై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: నల్లగొండ శాఖలో వెజ్ గుర్తు పెట్టి అమ్ముతున్న కొరియన్ వంటకాల్లో చేపల సాస్, ఉప్పురొయ్యలు ఉండటం, అడగకుండా సర్వీస్ చార్జి వేయడం గురించి.

అయ్యా,

గత శనివారం రాత్రి మీ రెస్టారెంట్ నల్లగొండ శాఖలో ఆరుగురం భోంచేశాం. మాలో ముగ్గురు నీసు ముట్టరు, ఒకరికి రొయ్య పడదు. ఆర్డర్ ఇవ్వకముందే ఈ రెండు సంగతులూ చెప్పాం. మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్నవే తెమ్మన్నాం: కిమ్చీ, కిమ్చీ ఫ్రైడ్ రైస్, కిమ్చీ జిగే (కిమ్చీ వేసి కాచే పులుసు), తొక్‌బొక్కీ (కారం రసంలో ఉడికించిన బియ్యప్పిండి ముక్కలు), వెజ్ కింబాప్ (నాచు రేకులో చుట్టిన అన్నం), రాతిగిన్నె బిబింబాప్ (కూరలతో కలుపుకునే అన్నం). "కిమ్చీ అంటే క్యాబేజీ తొక్కే కదా సార్, వెజ్జే" అన్నాడు వడ్డించే అబ్బాయి. కిమ్చీలో ఏ సాస్ వేశారో చూపించమని అడిగితే వంటగదిలోంచి రెండు సీసాలు తెచ్చారు. ఒకదాని మీద మొదటి దినుసు ఆంకోవీ చేప. రెండోది ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు. ఆ అబ్బాయిని తప్పుపట్టడం లేదు. అతనికి మీరెవరూ చెప్పలేదు. మెనూ మీద ఆ చుక్క అచ్చు వేయించిన వాళ్లకే ఈ ఉత్తరం.

కొరియాలో మామూలుగా పెట్టే కిమ్చీలో చేపల సాస్ గానీ, సేవూజొత్ అనే ఉప్పురొయ్యలు గానీ, రెండూ గానీ పడతాయి. అది అక్కడి పద్ధతి, అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ కిమ్చీకి ఆకుపచ్చ చుక్క పెట్టడంలో ఉంది. పైగా కిమ్చీ ఒక్క గిన్నెతో ఆగేది కాదు. ఫ్రైడ్ రైస్‌లోకి అదే కిమ్చీ, జిగేలోకి అదే కిమ్చీ, దాని పులుసు కూడా. మీ మెనూలో ఉన్న కిమ్చీ అట్టులోకీ అదే. ఒక జాడీలో చేసిన తప్పు నాలుగు వంటకాలకు పాకింది.

తొక్‌బొక్కీ సంగతి వేరు. బియ్యప్పిండి ముక్కలు శాకాహారమే. అందులో వేసే మిరప ముద్ద గొచుజాంగ్ కూడా ఎక్కువగా మిరపపొడి, జిగురు బియ్యం, పులిసిన సోయా, ఉప్పుతోనే చేస్తారు. కానీ వాటిని ఉడికించే నీళ్లు ఎండు ఆంకోవీలు వేసి కాచిన రసం. మీ వంటగదిలో కూడా అంతేనని మీ వంటమనిషే ఒప్పుకున్నారు. పైన కనిపించే చేపపిండి ముక్కలు తీసేసి 'వెజ్ తొక్‌బొక్కీ' అని పేరు మారిస్తే రసంలోని చేప పోదు. మా దగ్గర శనివారమో, శ్రావణమో, అయ్యప్ప మాలో ఉన్న మనిషికి కంటికి కనిపించని చేప కూడా చేపే. రొయ్య పడని వాళ్లకైతే ఇది ఆచారం సంగతి కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. దారి కొరియాలోనే ఉంది. అక్కడి బౌద్ధ ఆలయాల వంటలో చేప, మాంసం ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు, మన ఇళ్లలో కార్తీకంలో మానేసినట్టే. అక్కడా కిమ్చీ పెడతారు. కిలో చైనా క్యాబేజీకి 100 గ్రాముల కల్లుప్పు పట్టించి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచండి. మధ్యలో రెండుసార్లు తిరగేయాలి. తెల్లటి ఈనె విరగకుండా వంగిందంటే ఉప్పు పట్టినట్టు. మూడు నీళ్లు కడిగి, బోర్లించి ఓడ్చాలి. చేపల సాస్ బదులు రెండు పెద్ద చెంచాల సోయా సాస్, అర కప్పు నాచు రసం చాలు. ఆ రసానికి లీటరు నీళ్లలో దాషిమా అనే ఎండు సముద్రపు నాచు అరచేయంత ముక్క, నాలుగైదు ఎండు షిటాకే పుట్టగొడుగులు అరగంట నానేసి సన్నసెగ మీద పెట్టాలి. నీళ్లు తెర్లకముందే నాచు తీసేయాలి, లేకపోతే జిగురొచ్చి చేదెక్కుతుంది. పుట్టగొడుగుల్ని ఇంకో పావుగంట ఉడకనివ్వాలి. తొక్‌బొక్కీకి, జిగేకి కూడా ఇదే రసం పనికొస్తుంది. ఒక పెద్ద గంజు రసంతో మీ శాకాహార మెనూ మొత్తం నిజంగా శాకాహారం అవుతుంది.

అయితే జాడీ ఒక్కటే వేరైతే సరిపోదు. వెజ్ మండూ (కూర నింపిన కుడుములు) వేయించిన నూనెలోనే కోడి వేయించడం మా కళ్లతో చూశాం. పటకారు, కత్తెర, గరిటె కూడా వేరుగా ఉండాలి. ప్యాకెట్ రామ్యన్ (కొరియా నూడుల్స్) విషయంలో సూప్ పొడి సంచీ లేబుల్ చదవాలి. చాలావాటిలో గొడ్డుమాంసం రసమో, సముద్రపు జీవాల పొడో ఉంటుంది. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందా, గోధుమరంగు త్రికోణం ఉందా అన్నది చూడటానికి క్షణం పట్టదు.

ఇక రుచి. కిమ్చీ పులవలేదు, వెనిగర్‌తో పుల్లగా చేశారు. పులిసిన కిమ్చీలో పులుపు ఈనె లోపలి దాకా దిగుతుంది, నాలుక మీద సన్నగా చురచురమంటుంది. మీది పైన నీళ్లు పుల్లన, లోపల పచ్చి క్యాబేజీ. మిరపపొడి మెత్తటి గుంటూరు కారం. కొరియా మిరపపొడి గొచుగారు గింజలు తీసి బరకగా దంచినది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అది దొరక్కపోతే బ్యాడిగి మిరపను బరకగా పట్టించడం మేలు. నల్లగొండ ఎండలో కిమ్చీని రెండు రోజులు బయట ఉంచక్కర్లేదు. వేసవిలో పూట నుంచి ఒక రోజు చాలు, తర్వాత 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో. మరీ పులిసిపోతే పారేయొద్దు. జిగేకి, ఫ్రైడ్ రైస్‌కి కావలసింది అలాంటి కిమ్చీయే.

మిర్యాలగూడ బియ్యం మిల్లులు ఉన్న జిల్లాలో అన్నం గురించి ఫిర్యాదు రాయాల్సి రావడం బాధగా ఉంది. సన్నబియ్యం మన పప్పుచారుకు బాగుంటుంది గానీ కింబాప్‌కు పనికిరాదు. మెతుకు మెతుకు విడివిడిగా ఉంటుంది కాబట్టి కోసినచోటల్లా చుట్ట విచ్చుకుంది. జిగురుండే పొట్టిగింజ బియ్యం కావాలి. కడిగి అరగంట నానబెట్టి, కప్పుకు కప్పు, ఆ పైన కొద్దిగా నీళ్లతో వండి, మూత తీయకుండా పది నిమిషాలు మగ్గనివ్వాలి. కలిపేది ఉప్పు, నువ్వుల నూనె. మీరు వేసిన వెనిగర్, చక్కెర జపాన్ సుషీ పద్ధతి.

రాతిగిన్నె బిబింబాప్‌ను గోరువెచ్చగా తెచ్చారు. ఆ వంటకానికి ప్రాణమే గిన్నె వేడి. లోపల నువ్వుల నూనె రాసి, అన్నం వేసి, చిటచిట శబ్దం వస్తుండగా టేబుల్ మీదికి రావాలి. ఒకటి రెండు నిమిషాలు కలపకుండా ఆగితే అడుగున నురుంజీ అనే ఎర్రటి మాడు కడుతుంది. మన ఇళ్లలో పిల్లలు గిన్నె అడుగు గోకి తినే మాడు లాంటిదే, అంతే ఇష్టంగా తింటారు. చల్లటి రాతిని ఒక్కసారిగా పెద్దమంట మీద పెడితే పగులుతుంది. ఆ భయంతోనే మీ వాళ్లు సరిగా కాల్చడం లేదని అర్థమైంది. సన్నమంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం నేర్పండి. వేడి గిన్నెను తడి బండ మీద పెట్టొద్దనీ చెప్పండి.

బిల్లు సంగతి. తిన్నది 2,180 రూపాయలు. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి 218, మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 119.90. కట్టింది 2,518. ఆ 218 తీసేయమంటే "సిస్టమ్‌లో వచ్చేస్తుంది" అన్నారు. సర్వీస్ చార్జిని దానంతట అదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మీ సిస్టమ్ మార్చుకోవాల్సింది మీరే. సర్వీస్ చార్జి 218, దాని మీద పడ్డ జీఎస్టీ 10.90, కలిపి 228.90 రూపాయలు తిరిగి ఇవ్వండి. తినకుండా వదిలేసిన మూడు 'వెజ్' వంటకాల సొమ్ము కూడా.

రెండోసారి అడిగిన కిమ్చీకి డబ్బులు తీసుకున్నారు. కొరియాలో బాంచన్, అంటే పక్కన పెట్టే చిన్న చిన్న గిన్నెలు, అడిగితే ఊరికే మళ్లీ వడ్డిస్తారు. ఇక్కడ డబ్బులు తీసుకోవడం మీ ఇష్టం, కానీ ఆ మాట మెనూలో ముందే రాయండి.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది ఒకటుంది. కొత్త మెనూ అచ్చయ్యే దాకా ఆగకుండా, ఈ ఉత్తరం అందిన రోజే ఆ వంటకాల మీది ఆకుపచ్చ చుక్కలపై స్టిక్కర్ అంటించండి. మీకు పదికి మించి శాఖలున్నాయని మీ మెనూ వెనకే రాసి ఉంది. అలాంటి సంస్థలు శాకాహార, మాంసాహార గుర్తులతో పాటు చేప, రొయ్య, సోయా, గోధుమ, గుడ్డు వంటి అలర్జీ దినుసుల సమాచారం కూడా ఇవ్వాలన్నది ఆహార భద్రతా నిబంధన. కాబట్టి ఇది నల్లగొండ ఒక్కదాని సంగతి కాదు. మిగతా శాఖల మెనూలు కూడా చూడండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే జిల్లా ఆహార భద్రతా అధికారికి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపై నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవే కాగితాలు ఇస్తాం.

జతపరిచినవి: బిల్లు నకలు, మెనూలో ఆ పేజీల ఫొటోలు, రెండు సీసాల లేబుళ్ల ఫొటోలు.

ఇట్లు,
మీ శాఖలో భోంచేసిన ఆరుగురు వినియోగదారులు,
నల్లగొండ