కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో ముందు చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో విద్యుత్తు పొదుపు గురించి పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా మొదటి సలహా ఒకటే ఉంటుంది: గది దాటేటప్పుడు లైటు ఆర్పండి. మంచి అలవాటే, నేనూ పాటిస్తాను. అయితే పిల్లల వెంటపడి మరీ లైట్లు ఆర్పించే ఇళ్లలోనే గీజరు ఉదయమంతా వేసి ఉంచడం చూస్తుంటే, ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతుందన్న అంచనా మనలో చాలామందికి లేదనిపిస్తోంది.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఆ ఒక్క యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. 2,000 వాట్ల గీజరుకు అది అరగంటకు సరిపోతుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. అంత కరెంటుతో ఆ బల్బును రెండున్నర రోజులకు పైగా ఆర్పకుండా ఉంచవచ్చు. నీటికి వేడిని పట్టుకునే గుణం ఎక్కువ కాబట్టి, మామూలు గీజరు ఎంత మంచిది కొన్నా ఈ ఖర్చు తప్పదు. మన చేతిలో ఉన్నదల్లా వేడినీళ్లు తక్కువ వాడటం, కాగిన నీళ్లను ఊరికే చల్లారనివ్వకపోవడం. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగిస్తే ట్యాంకులోని వేడి అక్కరకు వస్తుంది. మధ్యలో గంటల ఎడం ఉంటే అది నెమ్మదిగా గదిలోకి పోతుంది, దాన్ని భర్తీ చేయడానికి గీజరు మళ్లీ మళ్లీ పనిచేస్తుంది.

వంటింట్లోనూ ఖర్చంతా వేడిదే. నీరు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా దాని ఉష్ణోగ్రత పెరగదు, ఆవిరి మాత్రమే ఎక్కువవుతుంది. అందువల్ల మరిగిన వెంటనే మంట తగ్గించి గిన్నెపై మూత పెట్టడం, ఏ కొత్త పరికరమూ కొనకుండా చేయగలిగిన పొదుపు.

ఫ్యాన్ విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ వేసి ఉంచితే గది చల్లబడుతుందని చాలామంది నమ్ముతారు. ఫ్యాన్ గాలి మన ఒంటి మీది చెమటను ఆరబెట్టడం వల్ల మనకు చల్లగా అనిపిస్తుందే తప్ప గది ఉష్ణోగ్రత తగ్గదు. పైగా మోటారు వేడి కొంత ఆ గదికే చేరుతుంది.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మా ఇంటి మీటరు. ఒక రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేశామనుకుని చూస్తే, కరెంటు ఖర్చవుతున్నప్పుడు మెరిసే మీటరు మీది చిన్న ఎర్రదీపం ఇంకా మెరుస్తూనే ఉంది. ఒక్కొక్క ప్లగ్గూ తీసి చూస్తే, రిమోట్‌తో మాత్రమే ఆపిన సెట్‌టాప్ బాక్సు దగ్గర అసలు సంగతి బయటపడింది. అలాంటి పెట్టె నిద్రలో ఉండి కూడా 15 వాట్లు తీసుకుంటే ఏడాదికి 131 యూనిట్లవుతాయి. గోడ మీది స్విచ్ కట్టేయడానికి ఒక్క క్షణం చాలు. ఫోన్ తీసేశాక ప్లగ్గులో మిగిలిపోయిన చార్జరు గురించి మాత్రం అంత కలత అక్కరలేదు, ఇప్పటి చార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది చాలా స్వల్పం.

పాఠకులు ఒక్క రాత్రి ఈ పరీక్ష చేసి చూడాలని నా విన్నపం. మీ పత్రిక కూడా ఇకపై పొదుపు సూచనలు ప్రచురించేటప్పుడు ప్రతి సూచన పక్కనా దానివల్ల నెలకు సుమారు ఎన్ని యూనిట్లు మిగులుతాయో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. అంకె కళ్ల ముందు ఉంటే దేనితో మొదలుపెట్టాలో ఇంటివాళ్లే తేల్చుకోగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు