పాత స్పెల్లింగు దారి మూసుకుపోకుండా చూసిన తమ్ముడికి

మా ఎదురింటి పిన్నమ్మ కొడుక్కి, ఇంకో ఇద్దరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. "నా పేరు మాత్రం పెట్టొద్దక్కా" అని నాతో మాట తీసుకున్నాడు కాబట్టి తమ్ముడు అనే రాస్తాను.

మాది కడపలో బండల వ్యాపారం. ఎర్రగుంట్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల నుంచి నాప బండలు తెచ్చి ఇక్కడ అమ్ముతాం, బయటి రాష్ట్రాలకు లోడ్లు పంపుతాం. మా నాయన 2004లో వెబ్‌సైట్ పెట్టించినప్పుడు ఊరి పేరుకు ఇంగ్లీషులో 'సి'తో మొదలై 'హెచ్'తో ముగిసే స్పెల్లింగే ఉండేది. అడ్రసు కూడా దాంతోనే తీసుకున్నాడు. 2005లో ప్రభుత్వం ఊరి పేరును 'కె'తో రాసేలా మార్చింది. బోర్డులన్నీ మారాయి గానీ రాయి పేరు మారలేదు. ఇప్పటికీ బయట చాలామంది ఆర్కిటెక్టులు ఈ నల్లరాయిని పాత స్పెల్లింగుతోనే రాస్తారు. పుణె, ముంబయి వైపు వంటగట్టు మీద వేసే బండను 'కడప్పా' అనే అంటారు. 20 ఏళ్ళుగా మా బిల్లుబుక్కుల మీద, లారీ వెనక ఉన్నది ఆ పాత అడ్రసే.

రెండేళ్ళ కింద కొత్త స్పెల్లింగుతో ఇంకో డొమైన్, అంటే వెబ్ అడ్రసు పేరు, కొని సైటు కొత్తగా చేయించాం. పాత దాని హోస్టింగ్, అంటే సైటు ఉండే సర్వరు చోటు, ఆపేశాం. కొటేషన్ల మెయిల్ పాత పేరు మీదే ఉంది కాబట్టి డొమైన్ మాత్రం రెన్యువల్ చేస్తూ వచ్చాం. పాత అడ్రసు కొడితే ఏం కనిపిస్తుందో మాలో ఒక్కరం కూడా చూసుకోలేదు. పుణె నుంచి నాయన పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, వ్యాపారం ఎత్తేశారా అని అడిగినప్పుడే తెలిసింది. అక్కడ మా సైటు లేదు, ఎవరివో ప్రకటనలు వస్తున్నాయి. ఇంకో షాపు చూసుకోకుండా మాకు ఫోన్ చేసి అడిగిన ఆ పెద్దాయనకు నా మొదటి నమస్కారం.

పాత అడ్రసును కొత్త సైటుకు మళ్ళించడం చిన్న పనే అనుకుని నేనే కూర్చున్నాను. డొమైన్ కొన్న చోట ఫార్వర్డింగ్ ఉంది. అందులో మాస్కింగ్ అని ఉంటే, పాత పేరు పైన కనబడుతూనే ఉంటుంది కదా అని అది పెట్టాను. మా కొత్త సైటు ఒక చట్రంలో బిగించినట్టు వచ్చింది. ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఏ పేజీ తెరిచినా పైన అడ్రసు మారదు, కాబట్టి కస్టమర్ ఒక బండ ఫొటో లింకు పంపితే మాకు తెరుచుకునేది హోమ్ పేజీ. కొందరికైతే 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అన్న హెచ్చరిక దగ్గరే ఆగిపోయింది. సరే అని నేమ్‌సర్వర్లు, అంటే ఆ పేరుకు సైటు, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే సర్వర్లు, మార్చాను. దాంతో మూడు రోజులు మాకు ఒక్క మెయిల్ రాలేదు. నెలాఖరు, రెండు లోడ్ల కొటేషన్లు రావాల్సిన సమయం. ఆ టెన్షన్‌లో నాకు అన్నం సహించలేదు.

తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, సెలవుకు వచ్చి ఉన్నాడు. పిన్నమ్మతో నా బాధ చెప్పుకుంటుంటే విని, లాప్‌టాప్ తీసుకుని తనే వచ్చాడు. వెబ్‌సైట్ సంగతి తర్వాత, ముందు మెయిల్ అన్నాడు. మెయిల్ ఏ సర్వరుకు పోవాలో చెప్పే ఎం.ఎక్స్. రికార్డులు పాత నేమ్‌సర్వర్ల దగ్గరే ఉండిపోయాయట. నేను అవి రాసిపెట్టుకోకుండానే మార్చేశాను. మెయిల్ సర్వీసు వాళ్ళకు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే, అవతల మాట్లాడిన అమ్మాయి తెలుగులో ఒక్కో రికార్డూ నిదానంగా చదివి రాయించింది, మెయిల్ చేరిందాకా లైన్లోనే ఉంది. ఆ అమ్మాయి ఎవరో, ఏ ఊరో తెలియదు. చల్లగా ఉండాలి.

అసలు పని మరుసటి రోజు సాయంత్రం. పాత డొమైన్‌ను మా కొత్త హోస్టింగ్‌లోనే అలియాస్‌గా, అంటే మారుపేరుగా, చేర్చి, సైటు ఏ సర్వరులో ఉందో చెప్పే దాని ఎ రికార్డును అదే సర్వరు వైపు తిప్పాడు. తర్వాత పాత పేరుకు, ముందు మూడు డబ్ల్యూలు ఉన్నదానికీ లేనిదానికీ కలిపి, కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఉచితంగా వచ్చేది వేశాడు. మళ్ళించి పంపేసే పేరుకు సర్టిఫికెట్ ఎందుకని అడిగాను. "పాత పేరుకు సర్టిఫికెట్ లేకపోతే బ్రౌజర్ అక్కడే ఆపేస్తుందక్కా. మనం పక్కకు పొమ్మని చెప్పే మాట దాకా రానే రాదు" అన్నాడు. జనానికి హెచ్చరిక ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఒక్క లైనుతో అందరినీ హోమ్ పేజీకి పంపేసి లేచిపోవచ్చు. అతను ఆ పని చేయలేదు. "పాత ఇంటికి వచ్చినోళ్ళను కొత్త ఇంటి వాకిట్లో నిలబెడితే ఎట్లక్కా? వాళ్ళు అడిగిన గదిలోకే తీసుకుపోవాల" అన్నాడు. నాయన పాత సైటు పేజీల లిస్టు అడిగాడు. నాయన బీరువాలోంచి 2004 నాటి ఫైలు తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు. వంటగట్టు బండలు, మెట్ల బండలు, అలమర బండలు అంటూ 14 పేజీలు. ఒక్కోదానికీ కొత్త సైటులో సరిపోయే పేజీ ఏదో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జత చేశారు. అవన్నీ సర్వరుకు ఆదేశాలిచ్చే హెచ్‌టి యాక్సెస్ అనే చిన్న ఫైల్లో రాశాడు.

ఆ మళ్ళింపులకు ముందు 302 అనే కోడ్ పెట్టాడు, అంటే తాత్కాలికం. 301 అంటే శాశ్వతం. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి తప్పు రాసి పెడితే సరిచేసినా చాలా రోజులు పాత తప్పే కనబడవచ్చట. ఆ జాగ్రత్త వెంటనే పనికొచ్చింది. మొదటిసారి సైటు తనలోకి తానే మళ్ళుతూ 'టూ మెనీ రీడైరెక్ట్స్' అంది. రెండు పేర్లూ ఒకే చోట ఉన్నాయి కదా, ఈ మళ్ళింపు పాత పేరుతో వచ్చినవాళ్ళకే వర్తించాలి అన్న షరతు చేర్చగానే సర్దుకుంది. 14 అడ్రసులూ నా ఫోన్లో, నాయన ఫోన్లో, పిన్నమ్మ ఫోన్లో కొట్టి చూశాకే 301కి మార్చాడు. సైటు సొంతదారుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో అడ్రసు మారిందని కూడా తెలియజేశాడు. ఈ మళ్ళింపు కనీసం ఒక సంవత్సరం ఉంచమని గూగుల్ చెబుతుందట. "మీ బిల్లుబుక్కులు ఊళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఉంచండి. వదిలేస్తే ఆ పేరు ఇంకొకరు కొనుక్కుంటారు" అని ఆటో రెన్యువల్ పెట్టించి మరీ లేచాడు.

డబ్బులివ్వబోతే నాయన చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టాడు. అంతసేపు కూర్చున్న మనిషి తాగింది రెండు గ్లాసుల మజ్జిగ.

నిన్న పుణె పెద్దాయన పాత అడ్రసు నుంచే మెట్ల బండల పేజీకి వచ్చి, అక్కడి నుంచే సైజులు రాసి పంపాడు. నాయన ఆ మెయిల్ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

తమ్ముడూ, నువ్వు చేసిన మేలు మా ఇంట్లో ఎప్పటికీ మర్చిపోం. పిన్నమ్మ తులసికోట చుట్టూ వేయాలని ఎప్పటి నుంచో అడుగుతున్న నాలుగు బండలు నాయనే ఏరి పక్కన పెట్టాడు. ఆదివారం మేస్త్రీ వస్తాడు. వద్దని మీ అమ్మతో చెప్పించొద్దు.