వేరుశనగలతో నిలిచిన ధారావాహిక

సంపాదకులకు,

ప్రేక్షకులు తగ్గారన్న ఒక్క కారణంతో ధారావాహికను కథ మధ్యలో ఆపేసే ముందు, దాన్ని వదలకుండా చూసేవారి మాట కూడా ఛానళ్లు వినాలి. 2007లో అమెరికాలో సీబీఎస్ అనే టీవీ సంస్థ ‘జెరికో’ ధారావాహికను రద్దు చేసినప్పుడు, చివరి భాగంలో కథానాయకుడు లొంగిపోనంటూ పలికిన ‘నట్స్’ (ఇంగ్లీషులో గింజలు అని కూడా అర్థం) అన్న మాటను పట్టుకుని అభిమానులు ఆ సంస్థ కార్యాలయానికి సుమారు 20 టన్నుల వేరుశనగలు పంపగా, యాజమాన్యం దిగివచ్చి మరో 7 భాగాలు తీయించింది. (అన్ని బస్తాలు ఎక్కడ సర్దారో గానీ!) ప్రేక్షకులు పెరగకపోవడంతో 2008లో అది మళ్లీ ఆగింది, అయినా రెండు రకాల ముగింపులు ముందే చిత్రీకరించి ఉంచినందువల్ల కథ అర్ధాంతరంగా తెగిపోలేదు. ఆపక తప్పనప్పుడు, కనీసం ముగింపు రాసుకునేందుకు రచయితలకు రెండు మూడు భాగాల వ్యవధి ఇవ్వాలని ఛానళ్లను కోరుతున్నాను.

– ఒక ప్రేక్షకురాలు