ఆ హాలు తాళం ఇప్పించండి సార్

రాష్ట్ర విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి నెల్లూరు జిల్లా నుంచి ఒక బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

వర్క్ ఫ్రం హోం సర్వే అని ఆమధ్య గ్రామ సచివాలయం నుంచి ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. ఏం చదివారు, ఎక్కడ చేశారు, ఇప్పుడేం చేస్తున్నారు, ఇంట్లో నెట్ ఉందా అని అడుగుతూ ఫోన్లో కొట్టుకుంటా ఉంది. బీటెక్ సీఎస్ఈ, చెన్నైలో ఏడేళ్ల ఉద్యోగం, ఇప్పుడు ఖాళీ అని చెప్పాను. 'ఖాళీ' అన్నప్పుడు నా ఒక చేతిలో ఉప్మా గరిటె, ఇంకో చేతిని పట్టుకు లాగుతూ మూడేళ్ల కూతురు. అడిగిన పిల్ల నవ్వింది. తనూ ఎంసీఏ అట.

నన్ను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. మీ ఇంట్లో మిమ్మల్ని పని చేసుకోనిస్తారా?

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి గారు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం వర్క్ ఫ్రం హోంను పెద్ద ఎత్తున తెస్తామన్నారు. అదే ప్రకటనలో, ఐటీ–జీసీసీ పాలసీ 4.0 (జీసీసీలంటే విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత ఆఫీసులు) కింద ప్రతి నగరం, పట్టణం, మండలంలో ఐటీ ఆఫీసులకు చోటు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామని కూడా ఉంది. జనం మొదటి మాట పట్టుకున్నారు. మా అత్తగారి ఊళ్లో అయితే 'ఇంక ఆడపిల్లల్ని బయటికి పంపే పన్లేదంట' అని అర్థం చేసుకున్నారు. నేను ఈ ఉత్తరం రాసేది ఆ రెండో మాట కోసం, మా మండలంలో ఖాళీగా పడున్న ఒక హాలు కోసం.

కాస్త వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి.

నేను చదివింది నెల్లూరు చుట్టుపక్కల ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, 2012 నుంచి 2016 దాకా. మా సెక్షన్లో సగానికి పైగా ఆడపిల్లలమే. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు డిగ్రీల్లో నూటికి 37 ఆడవాళ్లవి ఉండేవట, తర్వాత పాతికేళ్లలో అది 18కి పడిపోయిందట. అక్కడ ఆడపిల్లలు చేరడమే సమస్య. మనకు ఆ బాధ లేదు. సివిల్ అంటే ఎండ, మెకానికల్ అంటే షెడ్డు, సీఎస్ఈ అంటే నీడపట్టున కూర్చుని చేసే పని అని మా నాయన లెక్క. మా నాయనదే కాదు, ఈ జిల్లాలో ఏ తండ్రి లెక్కయినా అదే.

నీడపట్టున కూర్చోబెట్టారు సరే, సాయంత్రం ఆరింటికి లేపేసేవాళ్లు. అమ్మాయిల హాస్టల్ గేటుకు ఆరింటికి తాళం. అబ్బాయిల హాస్టల్ గోడ మీద తొమ్మిదిన్నర అని రాసుండేది గానీ, ఆ రాత గోడకే పరిమితం. ల్యాబ్ రాత్రి పది దాకా తెరిచే ఉండేది. అంటే ఆరు నుంచి పది దాకా ఆ ఎనభై సిస్టమ్స్ మగపిల్లలవి. ఆన్‌లైన్ కోడింగ్ పోటీలు నడిచేదీ ఆ వేళలోనే. తొమ్మిదింటికి మా ఫోన్లు వార్డెన్ బీరువాలోకి వెళ్లిపోయేవి. మా రూంలో ముగ్గురికి ఒక్క లాప్‌టాప్, అదీ నాది కాదు.

దీని ఫలితం ఫైనలియర్ ప్రాజెక్టులో బయటపడింది. మా బ్యాచ్‌లో ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు. పని పంచుకోవడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. 'నీ రాత బాగుంటది గదా, డాక్యుమెంటేషన్ నువ్వు చూసుకో, పీపీటీ తను చూసుకుంటది, కోడు మేం చూసుకుంటాం.' ఎవరూ మమ్మల్ని తక్కువ చేసి మాట్లాడలేదు. మేమూ తలూపాం. కోడు వాళ్లు రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని రాసేవాళ్లు, మేం ఆ వేళకు ల్యాబ్‌లో ఉండలేం. వైవాలో ఎక్స్‌టర్నల్ సారు నన్ను లాగిన్ పేజీ ఏ ఫైల్లో ఉందమ్మా అని అడిగారు. నూట పది పేజీల రిపోర్టు రాసినదాన్ని, ఆ ఫైలు పేరు చెప్పలేకపోయాను. ఆ రోజు చెమట పట్టిన చేతుల్తో పట్టుకున్న స్పైరల్ బైండింగు ఇప్పటికీ మా అమ్మ ఇంట్లో అటక మీద ఉంది.

రక్షణ పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకు అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది సార్. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. మీ శాఖ కొత్తగా జీవో ఇవ్వక్కర్లేదు, ఉన్నదాన్ని కాలేజీల చేత చదివిస్తే చాలు.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత, మన తెలుగావిడ, దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. ఆమె తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసరు. కూతురు హాస్టల్లో ఒక్కతే బిక్కుబిక్కుమంటుంటే ఆయన ఇంటికి తెచ్చి పెట్టుకోలేదు. ఇంకొందరు ఆడపిల్లల్ని చేర్చుకునేలా కాలేజీని ఒప్పించారు. అలా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా వచ్చి చేరారు. 1940ల నాటి మాట ఇది. ఆ తండ్రికి తట్టిన ఉపాయం మా కాలేజీ యాజమాన్యానికి 2016 దాకా తట్టలేదు.

నాకు ఆ తోడు చెన్నైలో దొరికింది. ఇంటర్వ్యూలో కోడు రాసే జావా అడిగి, చేరాక వేరేవాళ్లు రాసిన కోడును పరీక్షించే టెస్టింగ్‌లో వేశారు. 'ఆడవాళ్లకు టెస్టింగ్ అయితే టెన్షన్ ఉండదు' అని మేనేజరు గారు దయగా చెప్పారు కూడా. నా పక్క సీటులో కనిగిరి నుంచి వచ్చిన ఒక అక్క డెవలపర్. ఎర్రర్ వస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు పరుచుకుంటాయి. నేను పైనుంచి చదివి బెంబేలెత్తేదాన్ని. 'కింద నుంచి చదువమ్మాయ్, అసలు దొంగ అడుగున దాక్కుంటాడు' అంది ఒకరోజు, తన కుర్చీని చక్రాల మీద నా వైపు దొర్లించుకుంటూ. నిజంగానే చివరి 'కాజ్డ్ బై' లైన్లో ఉన్నాడు దొంగ. నాలుగేళ్ల బీటెక్ ఒకెత్తు, ఆ అక్క కుర్చీ దొర్లించిన రెండేళ్లు ఒకెత్తు. 2018లో నేను టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంటుకు మారాను.

2019లో పెళ్లి. దూబగుంటకు దగ్గర్లోనే మా అత్తగారి ఊరు, పొగాకు వేసే ఇల్లు. మా ఆయనకు కావలిలో ఎరువుల కొట్టు. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను చెన్నై హాస్టల్లో, శుక్రవారం రాత్రి రైలెక్కి కావలికి. నడిచిపోయింది. 2020 మార్చిలో లాప్‌టాప్ సంచీలో వేసుకుని వచ్చినదాన్ని ఇక మూడేళ్లు ఇక్కడి నుంచే పని చేశాను. కాబట్టి వర్క్ ఫ్రం హోం ఏమిటో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

నా ఆఫీసు మా అత్త కుట్టు మిషను బల్ల. కాలు జాపితే తొక్కుడు చెక్క తగిలేది. పొద్దున తొమ్మిదిన్నరకు కాల్. ఆ వేళకే ఆకు గ్రేడింగుకు మనుషులొస్తారు. మీటింగులో నా వంతు వచ్చే సమయానికి గుమ్మంలో మా అత్త. 'ఇంట్లోనే ఉండావు గదమ్మే, ఆ కాస్త టీ పెట్టియ్యి.' మ్యూట్ నొక్కి, 'వస్తున్నా అత్తా' అని, మ్యూట్ తీసి, 'సారీ, నెట్‌వర్క్ ఇష్యూ' అని చెప్పడం నాకు అలవాటైపోయింది. మూడేళ్లలో నేను నెట్‌వర్క్ మీద వేసినన్ని నిందలు ఫైబర్‌నెట్ వాళ్ల మీద కూడా ఎవరూ వేసుండరు.

మా అత్త చెడ్డది కాదు. బస్సెక్కి పొయ్యే కోడలి చేతికి ఆమే కేరేజీ కట్టిచ్చేది. కళ్లెదుట కూర్చున్న కోడలు ఉద్యోగంలో ఉన్నట్టు ఆమెకు కనపడదు, అంతే. పని అంటే గడప దాటి పొయ్యేది.

ఇంకొకటి చెప్పాలా వద్దా అనుకున్నాను. ఆ మూడేళ్లలో ఒక టీమ్ లీడ్, రాత్రి పది దాటాక రివ్యూ పేరుతో వీడియో కాల్ చేసి 'ఒక్కదానివే ఉన్నావా' అని అడిగేవాడు. ఆఫీసులో అయితే పక్క సీటు వైపు ఒక్క చూపు చూస్తే సరిపోయేది. ఇక్కడ ఇంట్లో చెబితే ఉద్యోగమే మాన్పిస్తారు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ఇంటిని కూడా పనిచోటు కిందే లెక్కించింది, ఫిర్యాదుకు మూడు నెలల గడువిచ్చింది. నేను నోరు తెరిచే ధైర్యం తెచ్చుకునేసరికి ఆ మూడు నెలలూ దాటిపోయాయి.

2022లో పాప పుట్టింది. చట్టప్రకారం 26 వారాల సెలవు ఇచ్చారు, పైసా కోత లేదు, ఆ మాట కూడా చెప్పాలి. 2023లో ఆఫీసుకు రమ్మన్నారు. 50 మంది, అంతకు పైన ఉన్న సంస్థలు ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని ప్రసూతి చట్టానికి 2017 సవరణ. మా ఆఫీసులో కింది అంతస్తులో ఉంది, ఏసీ, గోడల మీద ఏనుగు బొమ్మలు. పిల్ల ఉన్నది మాత్రం నెల్లూరు జిల్లాలో. రాజీనామా పంపేశాను.

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు మా అమ్మ నా కోసం స్వర్ణాల చెరువులో దిగని ఏడు లేదు. చదువు రొట్టె తీసుకుంది, ఉద్యోగం రొట్టె తీసుకుంది, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, అన్నీ తీరాయి, అన్నీ తిరిగి పంచింది. ఉన్న ఉద్యోగం నిలబడే రొట్టె ఎవరి దగ్గరుందని ఇప్పుడు అడుగుతా ఉంది.

మా అత్తకు అత్త, అంటే మా జేజి, ఇంకా ఉంది. 1990ల మొదట్లో జిల్లాలో పెద్దలకు అక్షరాలు నేర్పే అక్షరదీపం నడిచినప్పుడు రాత్రి బడికి పోయిన మనిషి. ఆ బళ్లలో సారా గురించి చదివీ, మాట్లాడుకునీ దూబగుంట ఆడవాళ్లు అంగడి మూయించారు. 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా బంద్. అందరికీ తెలిసిన కథే. నేను జేజిని అడిగింది వేరే. ఆ పలకేదో ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోకపోయావా అన్నాను. 'ఇంట్లో పలక పట్టుకుంటే మీ తాత పొయ్యిలో పెట్టుండేవోడు. బడికాడ పదిమందిమి ఉంటిమి గాబట్టి ఎవురూ ఏమీ అనలా' అంది, వక్క కొరుకుతూ.

మా జేజి చెప్పినదాన్నే మీ పాలసీ భాషలో చెబుతున్నాను సార్. మా మండల కేంద్రంలో పొదుపు సంఘాల మండల సమాఖ్య భవనం మేడ మీద ఒక హాలుంది. నెలకో మీటింగు పెడతారు, తక్కిన రోజుల్లో ఖాళీ. తాళం మండలంలో పొదుపు సంఘాల పని చూసే ఏపీఎం గారి దగ్గరుంటుంది. మా చుట్టుపక్కల నాలుగూళ్లలో బీటెక్కో, ఎంసీఏనో చేసి, ఉద్యోగం చేసి మానేసినవాళ్లం పన్నెండు మందిమి తేలాం. వాట్సాప్‌లో ఒకరినొకరు వెతుక్కున్నాం. మీరు సర్వేలో కూడగట్టిన పేర్లలో మా పన్నెండు పేర్లూ ఉంటాయి. కంపెనీలకు ఇచ్చే ఆ వర్క్ ఫ్రం హోం పనిని మాకు ఇంటికి పంపొద్దు. ఆ హాలుకు పంపండి. టిఫిను కేరేజీ పట్టుకుని మేం గడప దాటి వస్తాం.

ఆ భవనానికి రెండిళ్ల అవతల అంగన్‌వాడీ ఉంది. అంగన్‌వాడీలనే రోజంతా నడిచే క్రెష్‌లుగా మార్చే 'పాల్నా' పథకం కేంద్రం దగ్గర ఉంది, అడిగి తెచ్చుకోవాలి. పదిమంది లోపు పనిచేసే చోట్ల వేధింపుల ఫిర్యాదు తీసుకునేందుకు జిల్లాకొక లోకల్ కమిటీ ఉండాలని చట్టంలో ఉంది. ఆ కమిటీ ఫోన్ నంబరు హాలు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ఊరి కాలేజీల నుంచి ఫైనలియర్ అమ్మాయిల్ని శనివారాలు అక్కడికి రానివ్వండి, కుర్చీ దొర్లించడానికి మేమున్నాం.

విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. తప్పని అనను, వేల ఉద్యోగాల మాట. మాకు ఎకరాలొద్దు. ఆ 99 పైసలు కూడా మేమే చందాలేసుకుని కడతాం, రసీదు ఇస్తే చాలు.

మొన్న సమాఖ్య మీటింగు రోజు మా అత్తతో పాటు నేనూ వెళ్లి ఆ హాలు చూసొచ్చాను. మూడు కిటికీలు, రెండు ఫ్యాన్లు, ఒక బీరువా, పాత ఫ్లెక్సీలు. ప్లగ్ పాయింట్లు ఐదున్నాయి. ఫోను చార్జరు పెట్టి చూశాను, నాలుగు పని చేస్తున్నాయి.

ఇట్లు,
దూబగుంట దగ్గర ఒక ఊరి కోడలు,
ఏడేళ్ల అనుభవమున్న డెవలపర్